హృద్రోగికి తోటివారి చేయూత

వ్యాధులలో పైకి కనబడునవి కొన్ని, కనబడనివి కొన్ని. చేయి విరిగి కట్టు కట్టుకొన్నవానిని చూచినచో బస్సులో ఎవరో ఒకరు లేచి చోటిత్తురు. గుండెలోని కవాటము చెడినవాడు మన ప్రక్కనే నిలుచుండియున్నను మనకు తెలియదు. రెండు మెట్లెక్కి ఆగినచో సోమరి యందుము. కోడలు నీళ్లబిందె ఎత్తలేక కూలబడినచో పుట్టినింట గారాబముగా పెరిగినదందుము. రాత్రివేళ పడుకొన్నచో ఊపిరాడక, గోడకు దిండ్లు చేరవేసికొని, కూర్చుండియే తెల్లవార్చువారి బాధ ఒక్కొక్కప్పుడు ఆ ఇంటిలోనివారికే తెలియదు.

ఈ వ్యాధి లక్షణములను, చికిత్సను గూర్చి వైద్యులు చెప్పగలరు. నేను నేడు శ్రోతలకు మనవి చేయదలచినది దానికి తోడైన మరియొక విషయము. ఇదే వ్యాధిని అనుభవించి, చికిత్స పొంది, తిరిగి తమ పనిపాటలలో ప్రవేశించినవారు, క్రొత్తగా దీని వాతబడినవారికి ఏ విధముగా సాయపడగలరు? ఆ సాయమునకు హద్దులేవి? ఇది దయాధర్మములకు సంబంధించిన మాటగా తోచవచ్చును. కాని చికిత్స ఫలించుటయు, ఫలింపకపోవుటయు చాలవరకు దీనిపై ఆధారపడియున్నవని నా అభిప్రాయము.

మొదట కవాటమనగా ఏమో చూతము. మన గుండెలో నాలుగు గదులు కలవు. పై రెండింటిని కర్ణికలనియు, క్రింది రెండింటిని జఠరికలనియు అందురు. రక్తము ఒక గది నుండి మరియొక గదికి, అక్కడినుండి ధమనులలోనికి పోవు త్రోవలలో నాలుగు తలుపులు ఉన్నవి. ఇవియే కవాటములు. వాడుకలో వీనిని వాల్వులని అందరును అనుచున్నారు. పలుచని పొరలతో నిర్మితమైన ఈ తలుపులు రక్తమును ముందునకు పోనిచ్చునే గాని వెనుకకు రానీయవు. గుండె నిమిషమునకు డెబ్బది సార్లు కొట్టుకొన్నచో ఒక దినమున ప్రతి కవాటమును దాదాపు లక్షసార్లు తెరచుకొని మూసికొనుచున్నది. విశ్రాంతి యన్నది దానికి లేదు.

ఈ తలుపులకు రెండు విధములైన చెరుపు కలుగును. రెక్కలు దళసరియై, ఒకదానితో నొకటి అతుకుకొని, ద్వారము ఇరుకగుట ఒకటి. రెక్కలు సరిగా మూతపడక రక్తము వెనుకకు కారుట రెండవది. ఎడమ కర్ణికకును ఎడమ జఠరికకును నడుమనున్న ద్విపత్ర కవాటము ఇరుకైనప్పుడు రక్తము ఊపిరితిత్తులలో నిలిచిపోవును. ఆయాసము, దగ్గు, గుండెదడ, ఒక్కొక్కప్పుడు కఫములో రక్తము కనబడుట దీనివలననే. బృహద్ధమని ముఖద్వారముననున్న కవాటము ఇరుకైనచో శ్రమ చేసినప్పుడు కండ్లు తిరుగుట, సొమ్మసిల్లుట, రొమ్మునొప్పి కలుగును.

వయస్సు మీరినవారిలో కవాటముపై సున్నము పేరుకొనుటవలన ఈ వ్యాధి రావచ్చును. పుట్టుకతోనే కవాటము లోపముతో ఏర్పడియుండవచ్చును. కాని మన దేశమున బాలబాలికలను, యౌవనములో నున్నవారిని పీడించు కవాటవ్యాధికి ముఖ్యకారణము చిన్ననాటి కీళ్లవాత జ్వరము. అయిదేండ్లకును పదునైదేండ్లకును నడిమి వయస్సున పిల్లలకు ఒకజాతి సూక్ష్మజీవులవలన గొంతునొప్పి వచ్చును. దానిని ఎవరును లెక్కచేయరు. రెండు మూడు వారములు గడచిన తరువాత జ్వరము తగిలి, మోకాలు వాచి, అది తగ్గకముందే మోచేయి వాచును. సూక్ష్మజీవులను చంపుటకై దేహము సిద్ధపరచుకొన్న ఆయుధములే పొరపాటున గుండె కవాటములను గాయపరచును. ఈ జ్వరము కీళ్లను నాకి గుండెను కరచునని వైద్యులలో ఒక నానుడి కలదు. కీళ్లవాపు కొలది దినములలో తగ్గిపోవును. గుండెకు తగిలిన గాటు ఏండ్ల తరబడి లోలోపల ముదిరి, పది పదునైదేండ్లకు బయటపడును. లోకమంతట పేదవారి ఇండ్లలో, ఇరుకు గదులలో నివసించు కుటుంబములలో ఇది హెచ్చుగా కనబడుటచేత, 2018లో ప్రపంచ ఆరోగ్యసభ దీని నివారణకు సభ్యదేశములన్నియు పూనుకొనవలెనని తీర్మానించినది.

ఒక పల్లెలోని ఇరువది రెండేండ్ల యువతిని ఊహించుకొందము. పదేండ్ల వయస్సున ఆమెకు కీళ్లనొప్పులతో జ్వరము వచ్చినది. గవర్నమెంటు ఆసుపత్రిలో మూడు లేక నాలుగు వారముల కొకసారి పెన్సిలిన్ సూదిమందు వేయించుకొనవలెనని, ఏండ్లపాటు మానరాదని చెప్పిరి. కొన్నాళ్లు వేయించిరి. ఆ సూది చాల నొప్పి. పిల్ల బాగుగానే ఆడుకొనుచున్నది. ప్రతిసారియు కూలి మానుకొని పట్టణమునకు పోవలెను. నాల్గవ మాసమున మానివేసిరి. పిల్ల పెరిగినది, పెండ్లి అయినది. ఆమెకు చిన్ననాడు గుండెజబ్బు సోకినదన్న మాట అత్తవారికి తెలియనీయలేదు. గర్భము దాల్చిన అయిదారు మాసములకు ఊపిరాడలేదు. గర్భిణి దేహములో రక్తము దాదాపు ఒకటిన్నర రెట్ల వరకు పెరుగును. ఇరుకైన ద్వారము ఆ ప్రవాహమునకు చాలదు. అంతవరకు దాగియున్న వ్యాధి అప్పుడు తల్లికిని బిడ్డకును ప్రాణాపాయముగా పరిణమించినది.

ఇది కల్పిత దృష్టాంతమే అయినను గుండెజబ్బుల వార్డులలో పనిచేయువారికి ఇట్టి కథ క్రొత్త కాదు. దీనిలో మందు లేదన్న లోపము లేదు. సూదిమందు కలదు, వైద్యుడు కలడు, సలహా కూడ చెప్పబడినది. లేనిది ఒక్కటే. నాల్గవ మాసమున ఆ తల్లి విసిగినప్పుడు, 'మా పిల్లకు ఆరేండ్లుగా వేయిస్తున్నాం అమ్మా, మానబోకు' అని చెప్పగల మరియొక తల్లి ఆమె ప్రక్కన లేదు. వైద్యుని మాట శిరోధార్యమే. కాని వైద్యునికి ఆ సూది నొప్పి తెలియదని తల్లి తలంచును. తెలిసినవారు చెప్పినప్పుడే ఆమెకు నమ్మకము కుదురును.

కవాటమునకు శస్త్రచికిత్స చేయవచ్చునన్న భావమే ఒకప్పుడు సాహసముగా నుండెను. 1925లో లండను నగరమున సౌటర్ అను శస్త్రవైద్యుడు ఒక యువతి గుండెలోనికి వ్రేలుపోనిచ్చి ఇరుకైన కవాటమును వెడల్పు చేసెను. ఆమె కోలుకొన్నను, ఆ తరువాత మరియొక రోగిని ఆయన కడకు పంపుటకు ఏ వైద్యుడును సాహసింపలేదు. ఇరువది మూడేండ్లు గడచెను. 1948 జూన్ 10వ తేదీన ఫిలడెల్ఫియా నగరమున ఛార్లెస్ బెయిలీ అను వైద్యుడు ఒకే దినమున రెండు ఆసుపత్రులలో ఇద్దరు రోగులకు ఈ చికిత్స చేయుటకు పూనుకొనెను. అంతకుముందు ఆయన ప్రయత్నములు విఫలమై యుండెను. ఉదయము చికిత్స జరిగిన రోగి మరణించెను. మధ్యాహ్నము చికిత్స పొందిన యువతి బ్రదికెను. కొలది దినములకే ఆమె రైలులో చికాగో వరకు ప్రయాణము చేసి వైద్యుల సభలో కనబడగలిగెను.

అదే నెలలో బోస్టను నగరమున డ్వైట్ హార్కెన్ అను వైద్యుడు కూడ ఈ చికిత్సలో కృతకృత్యుడయ్యెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున సైనికుల గుండెలనుండి, గుండెకు చేరువనున్న పెద్ద రక్తనాళములనుండి తూటాముక్కలను తీసి, ఒక్కరిని గూడ పోగొట్టుకొనని హస్తవాసి ఆయనది. అట్టివాని చేతిలో కూడ కవాట చికిత్స పొందిన తొలి రోగులలో సగమునకు పైగా మరణించిరి. మనసు విరిగి ఆయన ఈ పనికి స్వస్తి చెప్పదలచెను. తోటి వైద్యుడొకరు నచ్చచెప్పగా మరల పూనుకొనెను. క్రమముగా మరణములు తగ్గి, కోలుకొనువారు హెచ్చిరి.

మన విషయమునకు సంబంధించిన ఘట్టమిదియే. ఆ వైద్యుని చేత శస్త్రచికిత్స పొందిన నలుగురు రోగులు 1951లో ఆ ఆసుపత్రిలోనే ఒకచోట చేరిరి. ఆ కాలమున గుండెను కోయించుకొని బ్రదికినవారు లోకములో బహుకొద్దిమంది. వీరు తమలో తాము మాటాడుకొన్నప్పుడు, ఒకరి భయమును మరియొకరికి విడమరచి చెప్పవలసిన పని లేకపోయెను. ఈ ఊరట తమతోనే ఆగిపోరాదని వారు తలంచిరి. రేపో మాపో శస్త్రచికిత్స గదిలోనికి పోబోవువారి కడకు పోయి మాటాడవలెనని నిశ్చయించిరి. అట్లు ఏర్పడిన సంఘమునకు 'మెండెడ్ హార్ట్స్' అని పేరు పెట్టుకొనిరి. బాగుచేయబడిన గుండెలు అని దాని తాత్పర్యము. బ్రదుకుట గొప్ప భాగ్యమనియు, ఇతరులకు సాయపడుటయు అంతే భాగ్యమనియు వారి ఆశయము. నలుగురితో నారంభమైన ఆ సంఘము నేడు అమెరికా అంతట శాఖలు కలిగియున్నది. దాని సభ్యులు శిక్షణ పొంది, ఆసుపత్రివారి అనుమతితో రోగులను చూడబోవుచున్నారు.

వారు చేసినదేమి? మందులీయలేదు, ధనమీయలేదు. రోగి మంచము ప్రక్కన కుర్చీ వేసికొని కూర్చుండి, తాము బ్రదికియున్నామని కనబడిరి. రొమ్ము చీల్చి గుండెను తాకిన తరువాత మనిషి లేచి నడచునా యని కలతపడువానికి అంతకు మించిన సమాధానము మరియొకటి లేదు.

ఆ తరువాత ఈ చికిత్స ఎంతగానో పెరిగినది. 1960లో ఆల్బర్ట్ స్టార్ అను శస్త్రవైద్యుడును, లోవెల్ ఎడ్వర్డ్స్ అను ఇంజనీరును కలసి, చిన్న పంజరములో బంతి యాడునట్టి కృత్రిమ కవాటమును నిర్మించి ద్విపత్ర కవాటమునకు బదులుగా అమర్చిరి. దానిని పొందిన తొలి రోగులలో ఒకరు పదేండ్లు జీవించి, ఇంటికి రంగువేయుచు నిచ్చెనపైనుండి పడి మరణించెను. ఆ మరణము దుఃఖకరమే. కాని ఊపిరాడక మంచమునంటిన వాడు నిచ్చెన ఎక్కి పనిచేయునంతటివాడు అయ్యెనని కూడ దానివలన తెలియుచున్నది. 1980 తరువాత జపానుదేశపు వైద్యుడు ఇనోయే కనిపెట్టిన బుడగ పద్ధతిచేత, రొమ్ము కోయకయే, తొడ వద్దనున్న రక్తనాళముగుండా సన్నని గొట్టమును పంపి, ఇరుకైన ద్విపత్ర కవాటమును తెరచుట సాధ్యమయినది. తగిన స్థితిలోనున్న గర్భిణులకు సైతము ఇది ప్రాణరక్షణ చేయుచున్నది. 2002లో ఫ్రాన్సుదేశమున క్రిబియే అను వైద్యుడు బృహద్ధమని కవాటమును సయితము గొట్టముగుండా అమర్చెను.

మన దేశమును ఈ విషయమున వెనుకబడలేదు. తిరువనంతపురములోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టరు వల్యత్తాన్ నాయకత్వమున శాస్త్రజ్ఞులును ఇంజనీర్లును ఏండ్లపాటు శ్రమించిరి. మూడు నమూనాలు విఫలముకాగా నాల్గవది నెగ్గినది. 1990 డిసెంబరు 6వ తేదీన దానిని తొలిసారి ఒక రోగికి అమర్చిరి. విదేశములనుండి తెప్పించు కవాటముల వెల భరింపలేని వేలకొలది బీదవారికి అది ప్రాణాధారమయినది. తెలుగువారు చిరకాలముగా వేలూరుకును, ఆ తరువాత హైదరాబాదు నిమ్సుకును ఈ చికిత్సకై పోవుచున్నారు. 1991లో పుట్టపర్తిలో వెలసిన ఆసుపత్రి గుండెచికిత్సలను ఉచితముగా చేయుచు వచ్చినది. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకముచేత పేదకుటుంబములకు చికిత్సవ్యయము చాలవరకు భారము కాకుండ పోయినది. చికిత్స దొరకదన్న కాలము గడచినది. ఇప్పుడు కొరవడినది చికిత్సకు ముందును తరువాతను వెన్నంటి నడచు మనిషి.

మొదటి అవసరము నిర్ణయవేళ. కవాటమును మార్చవలెనని చెప్పినపుడు వైద్యులు రోగిని ఒక ప్రశ్న అడుగుదురు. లోహముతో చేసిన కవాటము కావలెనా, జంతువుల కణజాలముతో చేసిన కవాటము కావలెనా? లోహపుది చాలకాలము మన్నును. కాని దానిపై రక్తము గడ్డకట్టకుండ ఆజన్మాంతము మందు మ్రింగవలెను. కణజాలపుదానికి ఆ మందు అంతకాలము అక్కరలేదు. కాని పది పదునైదేండ్లకు అది శిథిలమై మరల చికిత్స అవసరము కావచ్చును. బిడ్డలు కావలసిన యువతికి ఈ ప్రశ్న మరింత చిక్కుగా నుండును. గర్భము దాల్చిన తొలి మాసములలో ఆ మందు శిశువునకు హాని చేయవచ్చును. హాని చేయునని తనంతట తాను మానినచో కవాటముపై రక్తము గడ్డకట్టి తల్లి ప్రాణమునకే ముప్పు వచ్చును. ఏది మేలో చెప్పవలసినవాడు వైద్యుడే. కాని లోహపు కవాటముతో ఇరువది ఏండ్లు గడపిన ఒకరును, రెండవసారి చికిత్స చేయించుకొన్న మరియొకరును తమ తమ జీవితము ఎట్లు నడచుచున్నదో చెప్పినచో, రోగి వైద్యుని అడుగవలసిన ప్రశ్నలు ఏవో తెలిసికొనును. భయపడినవాడు ప్రశ్న వేయలేడు. ప్రశ్న వేయనివాడు సంతకము మాత్రము చేయును.

రెండవ అవసరము ఆసుపత్రి వెలువడిన తరువాత. రొమ్ము ఎముక అతుకుకొనుటకు ఆరు మొదలు ఎనిమిది వారములు పట్టును. ఆ కాలమున బరువులెత్తరాదు, వాహనము నడుపరాదు. దగ్గు వచ్చినప్పుడు దిండును రొమ్మునకు అదిమి పట్టుకొన్నచో నొప్పి తగ్గును. ఇవి ఆసుపత్రిలో చెప్పుదురు. కాని కారణము లేకయే కండ్లనీరు వచ్చుననియు, తిండి రుచింపదనియు, రాత్రి నిద్రపట్టదనియు, ఇంత ఖర్చుపెట్టించి బ్రదికినందుకు సిగ్గువేయుననియు ఎవరు చెప్పుదురు? ఇంటిలోనివారు ఆపరేషను సుఖముగా జరిగినదని సంతోషించుచుండగా, తాను మాత్రము ఏల దిగులుపడుచున్నాడో రోగికే తెలియదు. ఇది చాలమందికి కలుగునదియే అనియు, వారములు గడచినకొలది తగ్గుననియు, తగ్గనిచో వైద్యునికి చెప్పవలెననియు తోటివాడు చెప్పినప్పుడు సగము భారము దిగిపోవును. లోహపు కవాటము మూతపడునప్పుడు టిక్కుమని చిన్న చప్పుడగును. పగలు వినబడదు. రాత్రి ఊరు మాటుమణిగిన తరువాత వినబడును. తొలినాళ్లలో ఆ చప్పుడునకు బెదరనివారు లేరు. 'ఆ చప్పుడే మనకు ధైర్యం, అది నడుస్తున్నట్లు గుర్తు' అని పాతరోగి నవ్వుచు చెప్పుమాట నిద్రమందుకన్న మిన్నగా పనిచేయును.

మూడవ అవసరము జీవితకాలమంతయు ఉండునట్టిది. రక్తము గడ్డకట్టకుండుటకు వాడు మందులలో ముఖ్యమైనది వార్ఫరిన్. ఇది 1948లో ఎలుకలమందుగా బజారునకు వచ్చి, 1954 నుండి మనుష్యులకు ఔషధముగా ఉపయోగపడుచున్నది. ఈ సంగతి ఎవరిచేతనో విని, విషమును మ్రింగించుచున్నారని మానివేయువారు కలరు. మోతాదు తగ్గినచో రక్తము గడ్డకట్టి పక్షవాతము రావచ్చును. హెచ్చినచో రక్తస్రావము కావచ్చును. కావుననే ఐ.ఎన్.ఆర్. అను రక్తపరీక్షను క్రమము తప్పక చేయించుకొని, ఆ అంకె వైద్యుడు నిర్ణయించిన మేరలో నున్నదో లేదో చూచుకొనవలెను. పరీక్షాశాల ఇరువది మైళ్ల దూరమున నున్నప్పుడు, ఒంట్లో బాగుగానే యున్నప్పుడు, ఈ పరీక్షను వాయిదా వేయుట మనుష్యస్వభావము. ఒక ఊరిలోనో, రెండు మూడు ఊళ్లలోనో ఇట్టివారు నలుగురుండి, ఒకేదినమున కలసి పోవుటకు ఏర్పాటు చేసికొన్నచో ఒకరు మరువబోయినను మరియొకరు మరువనీయరు.

తిండి విషయమునను ఇంతే. ఆకుకూరలలో నుండు ఒక విటమిను ఈ మందు పనిని తగ్గించును. దీనిని విని, పాలకూర, తోటకూర, గోంగూర, మునగాకు మొదలైనవన్నియు విడిచిపెట్టి నీరసించువారు కొందరు. ఒకవారము తినక, మరుసటివారము పెండ్లివిందులో కడుపునిండ తినువారు కొందరు. కావలసినది మానుట కాదు, వారము వారము ఇంచుమించు ఒకే పరిమాణములో తినుట. ఒంటినొప్పులకు అంగడిలో బిళ్లలు కొని మ్రింగుటయు, వైద్యునికి చెప్పకుండ పసరులు త్రాగుటయు ఈ మందు వాడువారికి ప్రమాదకరము. పన్ను పీకించుకొనబోవునప్పుడు గాని, సూదిమందు వేయించుకొనబోవునప్పుడు గాని, తనకు కృత్రిమ కవాటము ఉన్నదనియు ఈ మందు వాడుచున్నాననియు ముందుగా చెప్పవలెను. పంటి చిగుళ్లగుండా సూక్ష్మజీవులు రక్తములో చేరి కవాటముపై నిలిచి ప్రాణాంతకమైన జ్వరమును కలిగింపగలవు. ఈ జాగ్రత్తలన్నియు కాగితముపై వ్రాసి యిత్తురు. కాగితము పెట్టె అడుగున పడియుండును. ఏండ్ల తరబడి ఆచరణలో నుంచుకొన్నవారి వాడుక చూచి నేర్చుకొన్నది మరపునకు రాదు.

ఇంతవరకు చేయదగినవి. చేయరానివి కూడ చెప్పనిచో ఈ ప్రసంగము మేలుకు మారు కీడు చేయును. తోటిరోగి వైద్యుడు కాడు. నేనింత మోతాదు వాడుచున్నాను, నీవు నంతే వాడుమని చెప్పుట హత్యతో సమానము. ఒకరికి సరిపడిన మోతాదు మరియొకరికి విషము కావచ్చును. తన ఆపరేషనులో జరిగిన కష్టములను వర్ణించి వర్ణించి చెప్పుట, రేపు ఆపరేషనునకు పోబోవువాని ఎదుట ఒప్పదు. అట్లని ప్రతివారితోను ఏమియు భయము లేదనుటయు సత్యము కాదు. ఈ చికిత్సలో నేటికిని కొందరు మరణించుచున్నారు. అట్టి సందర్భమున, నిన్నటివరకు ధైర్యము చెప్పినవాడు నేడు ముఖము చాటువేయరాదు. ఆ కుటుంబముతో కూర్చుండవలెను. సాయమునకు అసలైన పరీక్ష అక్కడ కలదు.

మరియొక హద్దు గుట్టునకు సంబంధించినది. పెండ్లికాని ఆడపిల్ల రొమ్ముపై మచ్చను గూర్చి, ఆమె మందులను గూర్చి ఊరిలో పొక్కినచో ఆ పిల్ల ఇక ఎవరికడకును రాదు. విన్నది విన్నచోటనే విడువవలెను. ఆసుపత్రుల పక్షమున రోగులను కూడగట్టి ప్రతిఫలము పుచ్చుకొనువారిని, పేదరోగి పేర చందాలు దండుకొనువారిని ఈ పనికి దూరముగా నుంచవలెను. వైద్యుల అనుమతి లేకుండ వార్డులో ప్రవేశింపరాదు. మెండెడ్ హార్ట్స్ సంఘమువారు తమ సభ్యులకు శిక్షణ నిచ్చిన పిమ్మటనే రోగుల కడకు పంపుట ఇందుకే.

ఇట్టి పని మన ప్రాంతములలో ఎట్లు ఆరంభింపవచ్చును? పెద్ద సభలు, కార్యవర్గములు అక్కరలేదు. గుండెవైద్యము జరుగు ప్రతి ఆసుపత్రిలోను కవాటరోగులు పరీక్షకై వచ్చు దినములు కలవు. గంటల తరబడి బల్లలపై కూర్చుండి, ఒకరి ముఖమొకరు చూచుకొని, మాటాడకయే తిరిగిపోవుచున్నారు. కోలుకొని స్థిరముగా నున్న నలుగురిని వైద్యులు ఎంచి, నర్సుచేత కొంత శిక్షణ నిప్పించి, ఆ బల్లల కడకే పంపవచ్చును. క్రొత్తగా చికిత్స పొందబోవు ప్రతివారికి ఒక పాతరోగిని తోడు చూపవచ్చును. ఆడవారికి ఆడవారిని, సాధ్యమైనంతవరకు ఒకే వయస్సువారిని, ఒకే ప్రాంతమువారిని జతపరచుట మంచిది. టెలిఫోను పల్లెపల్లెకు చేరిన ఈ కాలమున, ఇంటికి పోయిన తరువాత వారమునకొకసారి పలుకరించుట కష్టము కాదు.

పల్లెలలో చేయవలసినది పెన్సిలిన్ సూదిమందును మాననీయకుండుట. బడిపిల్లల ఆరోగ్యమును పరీక్షించుటకై 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమములో కీళ్లవాత హృద్రోగమును కనిపెట్టుట కూడ చేర్చబడినది. కనిపెట్టినంత మాత్రమున చాలదు. అట్టి పిల్లల తల్లులను ఆశా కార్యకర్తయో, ఉపాధ్యాయుడో ఒకచోట చేర్చినచో, మిగిలిన పని వారే చేసికొందురు. ఒక తల్లి కూలికి పోవలసివచ్చిన దినమున మరియొక తల్లి ఇద్దరు పిల్లలను సూదికి తీసికొనిపోవును. నేను ముందు చెప్పిన యువతికి చిన్ననాడు కావలసియుండినది ఇంతకన్న పెద్దసాయము కాదు.

సాయము పొందువారికే మేలు కలుగుననుకొనుట పొరపాటు. కవాటము మార్పించుకొన్నవాడు చాలకాలము తన్ను తాను రోగిగానే చూచుకొనును. నలుగురికి భారముగా నున్నాననుకొనును. తన అనుభవము మరియొకరికి పనికివచ్చిన దినమున ఆ భావము తొలగును. అంతవరకు అతడు ఇతరులు ఎత్తి నిలిపినవాడు. ఆనాటినుండి ఇతరులను నిలుపువాడు.

ఈ ప్రసంగమును వినువారిలో గుండెకు శస్త్రచికిత్స జరిగి సుఖముగానున్న శ్రోతలు తప్పక ఉందురు. వారికి నాదొక విన్నపము. మీరు మరుసటి పరీక్షకు ఆసుపత్రికి పోయినప్పుడు, మీ వైద్యుని సమ్మతి పొంది, ఆ దినమున అక్కడికి మొదటిసారి వచ్చిన ఒకరి ప్రక్కన పది నిమిషములు కూర్చుండుడు. వారు చెప్పునది మొదట వినుడు. అడిగినదానికి తెలిసినంతవరకు చెప్పుడు; తెలియనిదానికి వైద్యుని చూపుడు. లేచి వచ్చునప్పుడు, మరల ఎన్నడు వత్తురో కనుగొని, ఆ దినమునకు మీరును రండు.